పెళ్ళి డీవీడీలు, ప్రభల తీర్థం డీవీడీలు హార్డ్ డిస్క్‌లోకి: సైజు ఎంత పెట్టాలి, క్లారిటీ ఎంత నిలుస్తుంది?

అంబాజీపేట_చెల్లి:
అందరికీ నమస్కారమండీ. మా ఇంట్లో బీరువాలో అరవై దాకా డీవీడీలు ఉన్నాయి. సినిమాలు కావు, అన్నీ మా ఇంటివే. అమ్మానాన్నల పెళ్ళి వీడియో, 2003 పుష్కరాల్లో కోటిపల్లి రేవులో తీసినది, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం, తాతయ్య వేసిన పౌరాణిక నాటకాలు. పెళ్ళిది మొదట వీహెచ్ఎస్ క్యాసెట్, తర్వాత డీవీడీ చేయించారు. ఈ మధ్య కొన్ని డిస్కులు చివర్లో ఆగిపోతున్నాయి. అవి పూర్తిగా పోకముందే అన్నీ హార్డ్ డిస్క్‌లో పెట్టేయాలి.

టౌన్లో ఒక స్టూడియోకి పెళ్ళి డీవీడీ ఇచ్చాం. రెండు గంటల వీడియోని 700 ఎంబీ చేసి ఇచ్చారు. పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోట బాగానే ఉంది. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి తెర నిండా గళ్ళు గళ్ళు, అమ్మ మొహం కూడా తెలియడం లేదు. డీవీడీలో చూస్తే అదే సీను శుభ్రంగా ఉంది. ఇంతకీ ఒక్కో డీవీడీకి ఎంత సైజు పెడితే క్లారిటీ పోకుండా ఉంటుంది? నా దగ్గర 1 టీబీ హార్డ్ డిస్క్ ఉంది. అక్క విదేశంలో ఉంటుంది, తనకీ పంపాలి.

రావులపాలెం_అన్న:
చెల్లెమ్మా, హెచ్.265 అనే కుదింపు పద్ధతిలో పెట్టేసెయ్. డీవీడీకి 500 ఎంబీ చాలు. నేను మా ఇంటివన్నీ అలాగే పెట్టుకున్నా, ఫోన్లో చూస్తే ఏ తేడా లేదు. అరవై డిస్కులూ కలిపి 30 జీబీ, ఒక్క పెన్ డ్రైవ్‌లో పట్టేస్తాయి. ఊరికే టెన్షన్ పడకు.

గౌతమి_గట్టు:
అన్నా, ఫోన్ తెర మీద తేడా తెలియదన్నది నిజమే. కానీ అవే ఇంట్లో 43 అంగుళాల టీవీలో చూస్తారు కదా. ముందు లెక్క చూద్దాం.

మన దేశపు డీవీడీ పాల్ పద్ధతిలో ఉంటుంది. ఫ్రేముకి 720 బై 576 చుక్కలు, సెకనుకి 25 ఫ్రేములు. ఏ కుదింపూ లేకుండా దాచాలంటే సెకనుకి 124 మెగాబిట్లు కావాలి. సింగిల్ లేయర్ డిస్కులో చోటు 4.7 జీబీ. అందులో రెండు గంటల పెళ్ళి పెడితే వీడియో, ఆడియో కలిపి సెకనుకి 5 మెగాబిట్లు మాత్రమే దొరుకుతాయి. అంటే డీవీడీలోకి ఎక్కేటప్పటికే ఆ బొమ్మని ఇరవయ్యో వంతు కంటే తక్కువకి నొక్కేశారు. దాన్ని మళ్ళీ 700 ఎంబీకి దించితే సెకనుకి 0.78 మెగాబిట్లు, అందులో ఆడియో వాటా కూడా ఉంది. డీవీడీలో ఉన్నదాంట్లో ఆరో వంతు కూడా లేదు.

హెచ్.264 అయినా, హెచ్.265 అయినా డీవీడీలోని ఎంపెగ్-2 పద్ధతి కంటే మెరుగైనవే, కాదనను. హెచ్.264 సుమారు సగం బిట్‌రేట్‌తో, అంటే సెకనుకి సగం బిట్లతో, అదే క్లారిటీ ఇస్తుంది. సగంతో ఇస్తుంది గానీ ఆరో వంతుతో ఇవ్వదు.

తలంబ్రాల దగ్గరే ఎందుకు చెడింది అంటే, ఈ కోడెక్‌లు, అంటే కుదింపు పద్ధతులు, ప్రతి ఫ్రేమునీ పూర్తిగా రాయవు. ముందు ఫ్రేములో ఏముంది, అందులో ఏది ఎటు కదిలింది అని మాత్రం రాస్తాయి. మనుషులు కూర్చుని ఉంటే రాయాల్సింది చాలా తక్కువ. తలంబ్రాలు పోసేటప్పుడు ప్రతి బియ్యపు గింజా దాని దారిన అది పడుతుంది, పైనుంచి ఫోటో ఫ్లాష్‌లు కొట్టినప్పుడల్లా బొమ్మ మొత్తం వెలుగు మారిపోతుంది. ముందు ఫ్రేము ఎందుకూ పనికిరాదు. అప్పుడు బిట్లు చాలక గళ్ళు పడతాయి. మన కోనసీమ వీడియోల్లో ఇంకో రెండు ఉన్నాయి: గోదారి నీళ్ళ మీద ఎండ తళుకు, గాలికి ఊగే కొబ్బరాకులు. పుష్కరాల డీవీడీలో రెండూ నిండుగా ఉంటాయి. దాన్ని 500 ఎంబీలో పెట్టడం అన్యాయం.

రావులపాలెం_అన్న:
సరే తమ్ముడూ, పుష్కరాలకి ఒప్పుకుంటా. మరి నాటకానికి? స్టేజీ మీద ఒకరు నిలబడి పద్యం పాడతారు, వెనక తెర కదలదు. దానికీ 2 జీబీ పెట్టమంటావా?

గౌతమి_గట్టు:
అక్కర్లేదు. అందుకే "డీవీడీకి ఇంత" అని సైజు ముందే కట్టేయొద్దంటున్నా. వీడియో కుదించే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో రెండు దారులు ఉన్నాయి. సగటు బిట్‌రేట్ మనం చెప్పడం ఒకటి, నాణ్యత అంకె చెప్పడం రెండోది. రెండోదాన్ని అందులో ఆర్ఎఫ్ అంటారు. అంకె తగ్గేకొద్దీ క్లారిటీ పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది. డీవీడీ లాంటి వీడియోకి 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్ళే చెబుతారు. హెచ్.264లో అంకె ఆరు మెట్లు పెంచితే సైజు దాదాపు సగమవుతుంది, ఆరు తగ్గిస్తే రెట్టింపు. ఈ పద్ధతిలో నాటకానికి తక్కువ, పుష్కరాలకి ఎక్కువ, దానంతట అదే చూసుకుంటుంది. ఒకే వీడియోలో కూడా మాటల దగ్గర మిగిల్చి తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది.

హెచ్.265కి మారితే ఇవే అంకెలు అదే క్లారిటీ ఇవ్వవు, దాని కొలత వేరు. పైగా పాత టీవీల యూఎస్‌బీ చాలావాటికి హెచ్.265 తెలియదు. ఇంట్లో టీవీ ఎప్పటిదో చూసుకోండి.

పాలకొల్లు_మిక్సింగ్:
నేను పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌లోనే ఉన్నానండీ, క్యాసెట్ల కాలం నుంచి. అమ్మాయిగారూ, సైజు సంగతి తర్వాత. అసలు క్యాసెట్ ఇంకా ఇంట్లో ఉందా? మీ దగ్గరున్న డీవీడీ నకలు. పెళ్ళిది వీహెచ్ఎస్ అన్నారు. 2003 పుష్కరాలది మాత్రం మినీ డీవీ క్యాసెట్ మీద తీసి ఉండొచ్చు, అప్పుడు హ్యాండీకామ్‌లు ఎక్కువ అవే. ఆ చిన్న క్యాసెట్ దొరికితే డీవీడీని పక్కన పెట్టేయండి. మినీ డీవీలో వీడియో సెకనుకి 25 మెగాబిట్లు, గంటకి 13 జీబీ. ఫైర్‌వైర్ తీగతో కంప్యూటర్‌కి కలిపితే క్యాసెట్‌లో ఉన్నది ఉన్నట్టు దిగుతుంది. డీవీడీలో అయిదు, క్యాసెట్‌లో ఇరవై అయిదు. నీళ్ళ తళుకు దగ్గర ఆ తేడా కళ్ళకి కనబడుతుంది.

వీహెచ్ఎస్ దొరికితే మాత్రం వెంటనే వీసీఆర్‌లో పెట్టొద్దు. మన డెల్టా తేమకి టేపు చుట్టకి బూజు పడుతుంది. కిటికీలోంచి చూస్తే తెల్లగా పొడిలా కనబడుతుంది. అలాగే తిప్పితే ఆ బూజు వీసీఆర్‌లో టేపుని చదివే హెడ్‌కి అంటి, తర్వాత పెట్టే మంచి క్యాసెట్లు కూడా పాడవుతాయి. ముందు శుభ్రం చేసేవాళ్ళకి ఇవ్వాలి.

అంబాజీపేట_చెల్లి:
అటక మీద వెతికించానండీ. పుష్కరాలవి మూడు చిన్న క్యాసెట్లు దొరికాయి! పెళ్ళి క్యాసెట్ లేదు, 1996 నవంబరు తుఫానులో ఇంటి కప్పు లేచిపోయినప్పుడు తడిసి పోయిందని నాన్న చెప్పారు. దానికంటే ముందే బాబాయి ఒక కాపీ చేయించుకున్నారట, దాన్నుంచే డీవీడీ. అంటే పెళ్ళికి ఇక ఆ డీవీడీ ఒక్కటే.

పాలకొల్లు_మిక్సింగ్:
అయితే పెళ్ళి డీవీడీయే మీకు మూలం. దాన్ని ముందు ఉన్నది ఉన్నట్టు దించండి, ఏ కుదింపూ వద్దు. వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకున్నా చాలు, డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా, అంటే ఐఎస్ఓగా, చేసుకున్నా సరే. మినీ డీవీ క్యాసెట్లని మాత్రం ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటర్ ఎక్కడుందో చూసుకుని అక్కడే దించాలి. కొత్త ల్యాప్‌టాపుల్లో ఆ సాకెట్ ఉండదు. హ్యాండీకామ్ యూఎస్‌బీ తీగతో దించుతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, చాలా మోడళ్ళలో దానిలోంచి చిన్న బొమ్మే వస్తుంది.

నిర్వాహకులు:
ఒక్క మాట. ఈ చర్చ సొంత వీడియోల డిస్కుల వరకే. కొనుక్కున్న సినిమా డీవీడీల తాళం తీసే విధానాలు ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు.

భీమవరం_బిట్‌రేట్:
మేక్ఎమ్‌కేవీ గురించి ఎవరూ చెప్పలేదు. అది డీవీడీలోని వీడియోని మళ్ళీ కుదించకుండా ఒక్క ఎమ్‌కేవీ ఫైలుగా మారుస్తుంది. డీవీడీలో వీడియో ఉండే వీఓబీ ఫైళ్ళ ముక్కలు ఒక్కోటి 1 జీబీ లోపే ఉంటాయి కదా, వాటిని కలపడంలో మధ్యలో మాట తెగిపోయే బాధ ఉండదు. చాప్టర్లు కూడా నిలుస్తాయి. డీవీడీ మెనూ ఒక్కటి పోతుంది. స్టూడియో వాళ్ళు మెనూ మీద పెట్టిన పెళ్ళి ఫోటోలు కావాలంటే ఐఎస్ఓ కూడా ఉంచుకోండి.

అసలు లెక్క ఇది. అరవై డిస్కులు, అన్నీ అంచు దాకా నిండి ఉన్నాయనుకున్నా 282 జీబీ. మీ 1 టీబీలో మూడో వంతు కూడా కాదు. మూలాలు మొత్తం యథాతథంగా పెట్టుకోవడానికి చోటు ఉండగా క్లారిటీ వదులుకోవడం దేనికి? కుదించడం చూసుకునే కాపీకి, అక్కకి పంపే కాపీకి. మూలం జోలికి వెళ్ళొద్దు. ఇంకో పదేళ్ళకి ఇంతకంటే మంచి కోడెక్ వస్తుంది, అప్పుడు మూలం నుంచి మళ్ళీ చేసుకోవచ్చు. 500 ఎంబీ ఫైలు నుంచి ఏమీ చేయలేం.

రావులపాలెం_అన్న:
ఈ లెక్క బాగుంది. నా డీవీడీలు ఇంకా పెట్టెలోనే ఉన్నాయి, మూలాలు నేనూ దించి పెడతాను. అయితే ఒక సందేహం. మా మేనత్త వాళ్ళింట్లో పెన్ డ్రైవ్‌కి 4.3 జీబీ ఫైలు ఎక్కడం లేదు. చోటు ఖాళీగా ఉంది, అయినా ఎర్రర్ వస్తోంది.

భీమవరం_బిట్‌రేట్:
అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ అయి ఉంటుందన్నా. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. నిండా రాసిన డీవీడీని కంప్యూటర్ 4.38 జీబీగా చూపిస్తుంది, అందుకే ఆగిపోతోంది. ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి, లోపలున్నవి ముందు బయటికి తీసుకుని. టీవీకి ఎక్స్‌ఫ్యాట్ తెలియకపోతే ఫైలుని రెండు ముక్కలు చేసుకోవడమే.

హార్మోనియం_మాస్టారు:
అందరూ బొమ్మ గురించే చెబుతున్నారు, నాటకంలో ప్రాణం పద్యం. అమ్మాయీ, మీ తాతగారి నాటకాలకి ఆడియోని ముట్టుకోవద్దు. డీవీడీలో ఆడియో ఏసీ3 పద్ధతిలో ఉంటే హ్యాండ్‌బ్రేక్‌లో పాస్‌త్రూ అని పెట్టు, ఉన్నది ఉన్నట్టు వస్తుంది. 192 కేబీపీఎస్ అయితే రెండు గంటలకి 173 ఎంబీ, అంతే. దాంట్లో మళ్ళీ మిగుల్చుకునేది ఏముంది? 64కో 96కో దించితే హార్మోనియం కొంత ఓర్చుకుంటుంది గానీ తాళాలు ఓర్చుకోవు. తాళం చప్పుడు చివర బుసబుసమంటుంది. రాగం చివర్న గొంతు సన్నగా తీసినప్పుడు కూడా తెలిసిపోతుంది.

కొన్ని రికార్డర్ డిస్కుల్లో ఆడియో పీసీఎమ్‌గా, అంటే కుదించకుండా, ఉంటుంది, 1536 కేబీపీఎస్. రెండు గంటలకి దాదాపు 1.4 జీబీ ఆడియోకే పోతుంది. దాన్ని ఫ్లాక్‌లో పెట్టు. శబ్దం ఒక్క బిట్టు కూడా తగ్గదు, సైజు బాగా తగ్గుతుంది. మైకు ఒక్కటే పెట్టి తీసిన పాత నాటకాల్లో రెండు చానళ్ళలోనూ ఒకటే శబ్దం ఉంటుంది కాబట్టి ఇంకా తగ్గుతుంది.

గౌతమి_గట్టు:
మాస్టారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు. ఇంకో ముఖ్యమైన సంగతి మిగిలింది, ఇంటర్లేసింగ్. క్యాసెట్ నుంచి వచ్చిన వీడియోల్లో ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా ఉంటుంది. సరి గీతలు ఒక క్షణానివి, బేసి గీతలు దాని తర్వాతి క్షణానివి. కంప్యూటర్‌లో చూస్తే చెయ్యి ఊపిన చోట అంచులు దువ్వెన పళ్ళలా కనబడతాయి. దీన్ని సరిచేయకుండా కుదిస్తే ఆ పళ్ళని కూడా వివరాలే అనుకుని కోడెక్ బిట్లు వాటి మీద పోస్తుంది. సైజు పెరుగుతుంది, బొమ్మా బాగోదు.

హ్యాండ్‌బ్రేక్‌లో ఫిల్టర్ల దగ్గర డీఇంటర్లేస్‌లో బాబ్ ఎంచుకోండి. సెకనుకి 25 ఫ్రేములు 50 అవుతాయి. ప్రభలు భుజాల మీద మోసుకుంటూ కౌశిక ఏరు దాటించే చోట కదలిక టీవీలో చూసినంత నున్నగా వస్తుంది. మామూలు డీఇంటర్లేస్ అయితే 25 దగ్గరే ఉండి కదలిక కొంచెం ఆగి ఆగి నడుస్తుంది. బాబ్ వల్ల సైజు కొంత పెరుగుతుంది, రెట్టింపు మాత్రం కాదు. నాటకానికి 25 సరిపోతుంది. ప్రభల తీర్థానికి, పడవల పోటీలకి 50 పెట్టాలని నా అభిప్రాయం. మూలం కాపీలో మాత్రం ఇంటర్లేస్ అలాగే ఉండనివ్వండి.

వీహెచ్ఎస్ వీడియోలో అడుగున నాలుగైదు గీతలు వంకర్లు తిరుగుతూ ఉంటాయి చూడండి, అవి కత్తిరించేయండి. రంగు చుక్కల గోల ఎక్కువగా ఉంటే ఆ గోల తగ్గించే హెచ్‌క్యూడీఎన్3డీ ఫిల్టర్ బాగా తక్కువగా వేయండి. ఆ చుక్కలు ప్రతి ఫ్రేములోనూ మారతాయి కాబట్టి బిట్లన్నీ తినేస్తాయి. ఫిల్టర్ ఎక్కువైతే పట్టుచీర అంచు, జడలో పూలు మెత్తబడిపోతాయి.

కోటిపల్లి_కుర్రాడు:
అన్నలూ, ఏఐతో 4కేకి పెంచేస్తే మూలం కంటే బాగుంటుంది కదా? యాప్‌లు ఉన్నాయి.

పాలకొల్లు_మిక్సింగ్:
బాబూ, వీహెచ్ఎస్‌లో అడ్డంగా సుమారు 240 గీతల వివరమే ఉంటుంది. మండపంలో వెనక వరుసలో కూర్చున్న మనిషి మొహం అందులో పది పదిహేను చుక్కలు. ఏఐ ఆ చుక్కల మీద దానికి తోచిన మొహం గీస్తుంది. చూడ్డానికి స్పష్టంగా ఉంటుంది, కానీ ఆ మనిషి అమ్మాయిగారి మేనమామ కాదు. సరదాకి వేరే కాపీ చేసుకో, పేరులోనే ఏఐ అని రాసుకో. మామూలుగా 1080కి పెంచినా అంతే, కొత్త వివరం రాదు, సైజు మాత్రం పెరుగుతుంది. 576 గీతల్ని 576గానే ఉంచితే టీవీ తనంతట తనే సాగదీసుకుంటుంది.

ఇంకొకటి, పాత పెళ్ళిళ్ళు 4:3లో ఉంటాయి. తెర నింపడానికి 16:9కి లాగొద్దు. పెళ్ళికూతురి మొహం వెడల్పవుతుంది.

అంబాజీపేట_చెల్లి:
చివర్లో ఆగిపోయే డిస్కుల సంగతి కూడా చెప్పండి. రెండు డిస్కులైతే కంప్యూటర్ ఖాళీ డిస్కు అంటోంది. ప్లేయర్‌లో ఇదివరకు ఆడేవి.

యానాం_బ్యాకప్:
రెండూ వేరు వేరు జబ్బులు. డీవీడీ లోపలి నుంచి అంచు వైపు రాస్తారు, కాబట్టి చివర్లో ఆగుతోందంటే అంచు దగ్గర పాడైంది. ముందు మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తుడవకండి. గుండ్రపు గీత పడితే ఒకే చోట వరసగా చాలా డేటా పోతుంది. తర్వాత డీడీరెస్క్యూ అనే సాఫ్ట్‌వేర్ వాడండి. అది మంచి భాగాలన్నీ ముందు చదివేసి, చదవలేనివి మ్యాప్ ఫైలులో రాసి పెట్టుకుంటుంది. అదే మ్యాప్‌తో డిస్కుని వేరే డ్రైవ్‌లో పెట్టి నడిపితే మిగిలిన ఖాళీలు మాత్రమే చదువుతుంది. ఒక డ్రైవ్ వదిలేసిన చోటు ఇంకో డ్రైవ్ చదవడం మామూలే. అరవైలో వీటితోనే మొదలుపెట్టండి, బాగున్నవి వచ్చే నెల చేసినా ఉంటాయి.

ఖాళీ అంటున్న డిస్కులు బహుశా టీవీ పక్కన పెట్టే డీవీడీ రికార్డర్‌లో రాసి ఫైనలైజ్ చేయనివి, అంటే రాయడం ముగిసిందని డిస్కుని మూసేయనివి. ఆ రికార్డర్ ఉంటే దాంట్లోనే ఫైనలైజ్ నొక్కండి. లేకపోతే ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ చదువుతుంది. వాటి మీద కొత్తగా ఏదీ రాయొద్దు.

ఒక్క హార్డ్ డిస్క్‌ని మాత్రం నమ్మొద్దండి. 2022 జూలై వరదకి మా చుట్టాల లంక ఊళ్ళో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి, బీరువా కింది అరలు మునిగాయి. రెండో కాపీ వేరే ఊళ్ళో ఉండాలి, మెరక మీద. కాపీ చేశాక రెండు చోట్లా ఎస్‌హెచ్ఏ-256 (ఫైలు లోపలున్న డేటాని బట్టి లెక్కకట్టే గుర్తు) తీసి పోల్చండి, ఫైలు పేరు కనబడినంత మాత్రాన లోపల సరిగా ఉన్నట్టు కాదు.

అంబాజీపేట_చెల్లి:
మీరందరూ చెప్పినట్టే మొదలుపెట్టానండీ. గౌతమి_గట్టు గారు చెప్పిన అంకెలతో ముందు చిన్న ముక్కలు చేసి చూశాను: తలంబ్రాల దగ్గర రెండు నిమిషాలు, కౌశికలో ప్రభలు దిగే చోట రెండు నిమిషాలు, నాటకంలో ఒక పద్యం. హ్యాండ్‌బ్రేక్‌లో ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను దాకా అని ఇవ్వొచ్చు కాబట్టి తొందరగా అయిపోయాయి. ప్రతిదీ 18, 20, 22 పెట్టి, మా హాల్లో టీవీలో అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చూశాం. ఏది ఏదో తనకి చెప్పలేదు.

నాటకంలో మూడింటికీ తేడా లేదంది. తలంబ్రాల్లో 22 దగ్గర "ఇది కొంచెం మసగ్గా ఉంది" అంది, 18కి 20కి తేడా పట్టలేదు. ప్రభల దగ్గర మాత్రం 18 బాగుందని వెంటనే చెప్పేసింది, ప్రభ గుడ్డల రంగులు, నీళ్ళు విడివిడిగా ఉన్నాయట. అందుకని నాటకాలకి 22, పెళ్ళికి 20, ప్రభల తీర్థానికి 50 ఫ్రేములతో 18 పెట్టాను. పెళ్ళి రెండు గంటలూ 2.1 జీబీ వచ్చింది, నాటకం ఏసీ3 ఆడియోతో కలిపి 900 ఎంబీ, ప్రభలు గంటకే 1.6 జీబీ. మూలాలన్నీ పక్కన యథాతథంగా ఉన్నాయి. స్పీడు దగ్గర స్లో పెట్టాను, రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి అవుతున్నాయి.

రావులపాలెం_అన్న:
అమ్మగారితో చూపించడం మంచి పని చేశావమ్మా. నేనూ మా ఆవిడతో అలాగే చూపిస్తా. అక్కకి ఎలా పంపుతున్నావు?

భీమవరం_బిట్‌రేట్:
వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ నొక్కేస్తుంది, ఇంత కష్టమూ వృథా. డాక్యుమెంట్‌గా పంపితే ముట్టుకోదు, 2 జీబీ దాకా వెళ్తుంది. నాటకం, ప్రభలు అలా వెళ్ళిపోతాయి. పెళ్ళి 2.1 అన్నారు కదా, మంగళస్నానాల దాకా ఒకటి, అక్కడి నుంచి ఒకటి, రెండు భాగాలుగా కోయండి. ఎమ్‌కేవీటూల్‌నిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో కోస్తే మళ్ళీ కుదింపు జరగదు.

కోనసీమ_మనవడు:
మధ్యలో వస్తున్నాను, మన్నించండి. మా అమ్మమ్మకి డీవీడీ ప్లేయర్ ఒక్కటే వచ్చు. డ్యూయల్ లేయర్ డిస్కు 8.5 జీబీది, మామూలు 4.7 డిస్కులోకి దించాలి. దీనికీ ఆర్ఎఫ్ అంకేనా?

గౌతమి_గట్టు:
కాదు, ఇక్కడ సైజు ముందే ఖాయం కాబట్టి సగటు బిట్‌రేట్, రెండు పాస్‌లు (ఒకసారి మొత్తం చూసుకుని, రెండోసారి కుదించడం). సెకనుకి 1 మెగాబిట్ అంటే గంటకి 450 ఎంబీ, ఇది గుర్తుంటే చాలు. అంచున కాస్త వదిలి 4.4 జీబీ అనుకోండి. వీడియో రెండు గంటలైతే మొత్తం 4.9 మెగాబిట్లు, ఆడియోకి 0.2 తీసేస్తే వీడియోకి 4.7. డీవీడీ ప్లేయర్ కాబట్టి ఎంపెగ్-2లోనే ఉండాలి. హ్యాండ్‌బ్రేక్ డీవీడీ డిస్కు తయారు చేయదు, దానికి డీవీడీ ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ కావాలి. వీడియో మూడు గంటలు ఉంటే రెండు డిస్కులు చేయండి. 3 మెగాబిట్ల ఎంపెగ్-2లో మళ్ళీ తలంబ్రాలు గళ్ళు పడతాయి.

యానాం_బ్యాకప్:
చెల్లెమ్మా, ఫైళ్ళ పేర్లలో సంవత్సరం, ఊరు, సందర్భం పెట్టండి. పక్కనే ఒక టెక్స్ట్ ఫైలులో ఎన్నో నిమిషంలో ఎవరు కనబడతారో రాయించండి. తాతగారి నాటకాల్లో హార్మోనియం ఎవరు, మిగతా వేషాలు ఎవరివి అన్నది ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి తెలుసు. ఆ ఫైలు కొన్ని కేబీలే.

అంబాజీపేట_చెల్లి:
నాన్న నిన్నటి నుంచే మొదలుపెట్టారండీ. నాటకాల్లో ఇద్దరి పేర్లు గుర్తు రాక అమలాపురంలో తాతయ్య స్నేహితుడికి ఫోన్ చేశారు, ఆయన ఆదివారం ఇంటికి వచ్చి చూస్తానన్నారు. మినీ డీవీ క్యాసెట్లకి ఫైర్‌వైర్ సిస్టమ్ ఉన్నవాళ్ళు అమలాపురం, రాజోలు చుట్టుపక్కల ఎవరైనా ఉంటే చెప్పండి.

పాలకొల్లు_మిక్సింగ్:
నా దగ్గర పాత సిస్టమ్ ఒకటి నడుస్తోందండీ, ఫైర్‌వైర్ కార్డు ఉంది. మీ హ్యాండీకామ్ మీరే తెచ్చుకోండి. రికార్డు చేసిన కెమెరాలోనే తిప్పితే టేపు బాగా పట్టుకుంటుంది. మూడు క్యాసెట్లకి 40 జీబీ ఖాళీ ఉన్న డిస్కు తీసుకురండి. వివరాలు ప్రైవేట్ మెసేజ్‌లో పంపుతాను.